వాగొడ్డు చెట్టుకి కొట్టిన మేకు

మా మామయ్య టేపు రెండో కొస ఎవరి చేతికీ ఇవ్వడు. కొలవాల్సిన చోట గోడకో, గుంజకో, చెట్టుకో ఒక మేకు కొట్టి, టేపు కొసనున్న కొక్కేన్ని దానికి తగిలించి, చుట్ట విప్పుకుంటూ తనొక్కడే నడిచి వెళతాడు. అవతల నిలబడి అంకె చదివి, పుస్తకంలో రాసుకుని, కొక్కెం జారిందేమో చూడటానికి మళ్ళీ మేకు దాకా వస్తాడు. జారలేదని తేలాక మళ్ళీ వెళ్ళి మళ్ళీ చదువుతాడు. ఇద్దరు మనుషులు ఒక్క నిమిషంలో చేసే పని ఆయన ఒక్కడూ పావుగంట చేస్తాడు. మేస్త్రీలు ఆయన్ని 'మేకు సార్' అంటారు. మా ఇంట్లో అందరికీ మేకు మామయ్య. ఆ పేరు ఎవరు మొదలుపెట్టారో ఆయన ఇప్పటికీ ఆరా తీస్తూనే ఉన్నాడు. మొదలుపెట్టింది నేనే.

ఈ అలవాటుకి ఒక కారణం ఉంది. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, ఒక బడి ప్రహరీకి కొలతలు తీస్తుంటే, అవతలి కొస పట్టుకున్న తోటి ఉద్యోగి టేపుని సున్నా దగ్గర కాకుండా ఒకటో అడుగు దగ్గర పట్టుకున్నాడట. గోడలు లేచాయి, ఇనప గేటు వచ్చింది, నిలబెడితే అడుగు తేడా. నేను సరిగ్గానే పట్టుకున్నానని అవతలివాడు ఒట్టేశాడు. అంకె చదివింది మామయ్య కాబట్టి ఉద్యోగం మామయ్యదే పోయింది. అప్పుడు పోయింది ఉద్యోగం ఒక్కటే కాదని మా అత్తయ్య అంటుంది. పెళ్ళికి ముందు ఆయన వాళ్ళింటికి రెండుసార్లు వచ్చాడు. మొదటిసారి చూసిన అమ్మాయి, రెండోసారి చూసిన అమ్మాయి ఒక్కరేనా అని తేల్చుకోవడానికి.

వాళ్ళింట్లో రెండు గోడగడియారాలుంటాయి, ఒకదాని మీద ఒకటి నిఘా. కూరగాయలు ఇంటికొచ్చాక మళ్ళీ తూకం వేస్తాడు. డాక్టరు రాసిన మందు ఇంకో డాక్టరుకి చూపించి, ఆ ఇద్దరూ ఒకే మాట చెబితే, ఇద్దరూ కూడబలుక్కున్నారేమో అనుకుంటాడు. నేను ఆయన ఆఫీసులో పదిహేనేళ్ళుగా ప్లాన్లు గీస్తున్నాను. మందుల షాపు పైన రెండు గదులు మా ఆఫీసు. కంప్యూటరులో నేను గీసిన ప్రతి గీతనీ కాగితం మీద తీయించుకుని, స్కేలు పెట్టి కొలిచి చూస్తాడు. నన్ను అనుమానిస్తున్నావా మామయ్యా అని ఒకసారి అడిగితే, "నిన్నెందుకు అనుమానిస్తాను, ఆ మిషన్ని" అన్నాడు. స్కేలు ఇంకో గీత మీదికి జరిపి, "నిన్ను కూడా" అన్నాడు.

ఈ కథ మొదలయ్యేనాటికి, ముప్ఫై ఎనిమిదేళ్ళలో ఆయన గీసినవి ప్రహరీ గోడలు, గోడౌన్లు, షాపుల వరసలు, ఒక బస్టాండుకి మరుగుదొడ్లు. ఒక మనిషి తీరిగ్గా కూర్చుని కిటికీలోంచి బయటికి చూసే ఇల్లు ఒక్కటీ లేదు. ఇలాంటి మనిషికి ఇల్లు ఎవరిస్తారు? ఇవ్వడానికి వచ్చినవాళ్ళని కూడా, మీరు నా దగ్గరికే ఎందుకొచ్చారని అడిగేవాడు. కానీ ఆయన బీరువాలో ఒక లావుపాటి పుస్తకం ఉంది. అందులో అన్నీ ఇళ్ళే. ఎవరూ అడగని ఇళ్ళు, ఎవరూ కట్టని ఇళ్ళు. ఒకసారి నేను చూస్తుంటే చేతిలోంచి లాక్కున్నాడు. ఒక్క ఇల్లు, ఒకే ఒక్క ఇల్లు కట్టి చూసుకోవాలని ఆయన కోరిక. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే దాన్ని ఎవరో వాడుకుంటారని భయం.

ఆ ఒక్క ఇల్లూ మా పిన్ని ఇచ్చింది. పిన్ని ఆయనకి ఆఖరి చెల్లెలు. ఊరి చివర, రోడ్డుకీ వాగుకీ మధ్య, చెట్లు దట్టంగా ఉన్న స్థలం ఒకటి కొంది. మూడో అంతస్తు అపార్టుమెంటులో పాతికేళ్ళు పక్కింటివాళ్ళ పంపు చప్పుడు విన్నాక, ఇక నీళ్ళ చప్పుడంటూ వింటే వాగుదే వినాలని పంతం పట్టింది. బాబాయికి, అంటే పిన్ని భర్తకి, లైబ్రరీలో ఉద్యోగం అప్పుడే అయిపోయింది. నోరు లేని మనిషి. అలాంటివాళ్ళంటే మామయ్యకి ఇంకా అనుమానం.

ప్లాను అప్పజెప్పేటప్పుడే పిన్ని షరతు పెట్టింది. "అన్నయ్యా, ఏవండీ, ఇద్దరూ వినండి. గీసేది నువ్వు, ఉండేది ఆయన. మీ ఇద్దరూ పోట్లాడుకున్నారంటే స్థలం అమ్మేస్తాను. అడిగేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. మళ్ళీ ఆ పంపు చప్పుడు వింటూ కూర్చుంటాను గానీ, మీ మధ్యలో పడి నలగను. ఒట్టు."

మా పిన్ని ఒట్టేస్తే తప్పదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

మామయ్య ఆ ఇంటిని గీసిన తీరు చూసి నేను ఆశ్చర్యపోయాను. బీరువాలో పుస్తకం ఊరికే లావెక్కలేదు. పొడుగ్గా, ఎత్తు తక్కువగా, రైలు పెట్టెలాగా ఒకే వరసలో గదులు. చదునైన కప్పు. వాగు వైపు గోడ మొత్తం అద్దం. పిన్ని మోకాళ్ళ కోసం ఇంట్లో ఎక్కడా ఒక్క మెట్టు లేదు. ఒక్క చెట్టు కొట్టక్కర్లేదు. ఒకచోట పడకగది గోడ చెట్టుని చూసి తప్పుకున్నట్టు లోపలికి వంగుతుంది. వంటింట్లో సింకు ముందు అడ్డంగా ఒక కిటికీ, అందులోంచి నీళ్ళు. పిన్ని ఆ కాగితాన్ని డైనింగ్ టేబుల్ మీద పరిచి, నాలుగు మూలలా టీ కప్పులు పెట్టి, ఒక్కో గదినీ వేలితో తడుముతూ చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మామయ్య ముఖం పక్కకి తిప్పుకున్నాడు.

బాబాయి మెల్లగా అన్నాడు. "అద్దానికి పిట్టలు గుద్దుకుంటాయేమో."

మామయ్య పుస్తకం తీసి తారీఖు వేసి 'పిట్టలు' అని రాసుకున్నాడు. తర్వాత అడిగాడు. "మీకు వాగు పక్కన ఇల్లు ఇష్టం లేదా బావగారూ?"

మామూలుగా ఆయనకి బాబాయి 'బావా', 'నువ్వు'. అనుమానం పుడితే 'గారు' వచ్చి చేరుతుంది.

"ఇష్టమే. ఇంకో పది అడుగులు వెనక్కుంటే ఇంకా ఇష్టం" అన్నాడు బాబాయి.

"గట్టు నుంచి యాభై అడుగులు వదిలితే చాలన్నారు అనుమతులిచ్చే ఆఫీసులో" అంది పిన్ని. "యాభై అంటే యాభయ్యే. యాభై ఒకటి కూడా వద్దు. గిన్నె కడుగుతుంటే నాకు నీళ్ళు కనపడాలి."

మామయ్య 'పది అడుగులు' అని కూడా రాసుకున్నాడు.

గుంజలు పాతే రోజున మళ్ళీ చిన్న రగడ. వాగు గట్టు అంచున, నీళ్ళ వైపు కాస్త వంగిన పెద్ద చెట్టు ఒకటుంది. దాని పేరు బాబాయికి రెండు భాషల్లో తెలుసు. మామయ్య దాని మొదట్లో బెత్తెడు మేకు పెట్టి సుత్తి ఎత్తాడు.

"చెట్టుకి మేకు కొట్టాలా?" అన్నాడు బాబాయి.

"మరి టేపు కొస ఎవరు పట్టుకుంటారు?"

"నేను పట్టుకుంటాను."

మామయ్య ఆయన చేతుల వైపు చూశాడు. ముప్ఫై ఏళ్ళు పుస్తకాలు సర్దిన చేతులు, సన్నటి వేళ్ళు. మేకు కొట్టేశాడు. బాబాయి రెండడుగులు వెనక్కి వేసి, రోడ్డు వైపు వెళ్ళిపోయాడు. మేకు నుంచి మొదటి గుంజకి ఏటవాలుగా కొలిస్తే యాభై నాలుగు అడుగుల ఆరంగుళాలు. ఇంటి నాలుగు మూలలకీ నాలుగు గుంజలు, తలలకి ఎర్ర రంగు. నాలుగు దూరాలూ పుస్తకంలోకి ఎక్కాయి. ఆ మర్నాటి నుంచి వానలు పట్టుకున్నాయి.

ఆదివారం వాన కాస్త తెరిపిస్తే, గుంజలు చూసొద్దామని మామయ్య నన్ను లాక్కుపోయాడు. మేకుకి కొక్కెం తగిలించి వెళ్ళి చదివాడు. వచ్చాడు. వెళ్ళాడు. మూడోసారి కూడా అయ్యాక గొడుగు కింద నా పక్కకి వచ్చి, గొంతు తగ్గించి చెప్పాడు.

"రెండంగుళాలు జరిగింది."

"ఏది?"

"గుంజ. వెనక్కి జరిగింది. నాలుగూ అంతే, కాస్త అటూ ఇటూగా."

"ఎవరు జరుపుతారు మామయ్యా? ఇక్కడెవరున్నారని?"

"ఎవరికి పది అడుగులు వెనక్కి కావాలో వాళ్ళు."

"పది అడుగులు కావాల్సినవాడు రెండంగుళాలు జరుపుతాడా?"

"ఒకేసారి జరిపితే దొరికిపోడూ?"

గుంజల చుట్టూ మట్టి చూశాను. కదిపిన గుర్తే లేదు. ఆ మాటే అంటే, "లైబ్రరీ మనిషి. తీసింది తీసినట్టు సర్దేస్తాడు" అన్నాడు. పోనీ రోడ్డు వైపున్న హద్దురాయి నుంచి కూడా ఒకసారి కొలుద్దామా అన్నాను. మామయ్య నన్ను జాలిగా చూశాడు. "ఆ రాయి ఎవడు పాతాడో నీకు తెలుసా? నాకు తెలీదు. ఈ మేకు నేను కొట్టాను."

నాలుగు గుంజలూ పీకి, రెండంగుళాలు వాగు వైపుకి పాతాడు. ఇంటికొచ్చి అత్తయ్య కుట్టుపెట్టెలోంచి నల్లదారం పట్టుకెళ్ళి, ఒక్కో గుంజ చుట్టూ నాలుగు పుల్లలు గుచ్చి, నేలకి బెత్తెడు ఎత్తున దారం చుట్టి ముడేశాడు. ఎవరు చెయ్యి పెట్టినా తెలియాలి.

పై ఆదివారం దారం చెక్కు చెదరలేదు. దూరం మాత్రం మూడంగుళాలు పెరిగింది.

"దారం తెగలేదు మామయ్యా" అన్నాను.

"తెలిసినవాడు తెంపుతాడా? విప్పి మళ్ళీ కట్టాడు."

"ముడి నువ్వేసిందేగా?"

మామయ్య మోకాళ్ళ మీద కూర్చుని, కళ్ళజోడు నుదుటి మీదికి తోసి, ఆ ముడిని చాలాసేపు చూశాడు. "నాలాగే వేశాడు" అన్నాడు చివరికి. ఆ గొంతులో కోపం కన్నా మెచ్చుకోలు ఎక్కువుంది.

నవ్వుకోవాల్సిన మాటే. కానీ ఆ రోజు నేను నవ్వలేకపోయాను. ఆయన మళ్ళీ గుంజలు పీకి మూడంగుళాలు వాగు వైపుకి పాతుతుంటే, వాటి పక్కన అక్కడక్కడా చిన్న చిన్న గోతులు కనిపించాయి, బెత్తెడు లోతున, కొత్తగా తవ్వినవి. వాటి చుట్టూ చెప్పుల గుర్తులు, ఎడమ మడమ అరిగిన చెప్పులవి. మా బాబాయి ఎడమ మడమ అరగదీస్తాడని మా ఇంట్లో అందరికీ తెలుసు. అనుమానం అంటువ్యాధి. తొమ్మిదేళ్ళు పక్కన కూర్చుంటే అంటుకోదా మరి.

మధ్యలో ఒకరోజు పిన్ని వాళ్ళింటికి వెళితే, బాబాయి నన్ను బాల్కనీలోకి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు.

"అమ్మాయ్, మీ మామయ్యకి చెట్లంటే గిట్టదా?"

"ఏమైంది బాబాయ్?"

"పనివాళ్ళు దిగితే మొక్కలు తొక్కేస్తారని, గట్టు మీద చెట్టు నుంచి లోపలి చెట్టుకి పురికొస కట్టాను. ఇటువైపు తొక్కకండి అని గుర్తుగా. వారం తిరిగేసరికి ఎవరో కోసేశారు. మళ్ళీ కట్టాను, మళ్ళీ కోసేశారు. అక్కడికి మనం నలుగురం తప్ప ఎవరొస్తారు చెప్పు. మీ పిన్నితో అనకు, ఒట్టు పెట్టుకుని కూర్చుంది."

నేను ఎవరితోనూ అనలేదు. పోట్లాట అవుతుందని నోరు కుట్టేసుకున్నాను. ఆ మాట ఆ రోజే మామయ్య చెవిన వేసి ఉంటే ఎంతో బాగుండేది. ఆ తప్పు నాది, ఒప్పుకుంటున్నాను.

మూడో ఆదివారం మేం రోడ్డు మీద బస్సు షెడ్డులో నక్కి కూర్చున్నాం. మామయ్య చేతిలో పేపరు అడ్డం పెట్టుకున్నాడు, తలకిందులుగా. బాబాయి భుజాన గుడ్డసంచీతో వచ్చాడు. అటూ ఇటూ చూసి, మొదటి గుంజ దగ్గర వంగాడు. సంచీలోంచి చిన్న తవ్వుకోల తీసి నేల తవ్వి, ఏదో సంచీలో వేసుకున్నాడు. రెండో గుంజ దగ్గరా అంతే.

"చూశావా" అన్నాడు మామయ్య. ఇంత నెమ్మదస్తుడు, తన కంచంలో అన్నం తింటున్న పిల్లిని కూడా అదిలించని మనిషి, ఇలా చేస్తాడా అనుకున్నాను. బాబాయి వెళ్ళిపోయాక కొలిస్తే నాలుగంగుళాలు పెరిగింది. మామయ్య మళ్ళీ గుంజలు పీకి, నాలుగంగుళాలు వాగు వైపుకి పాతాడు.

సోమవారం తవ్వకం మిషను వస్తుందనగా, శనివారం పొద్దున్నే అందరం స్థలంలో కలిశాం. పిన్ని, బాబాయి, నేను, మామయ్య, పునాది మేస్త్రి. మేస్త్రి సున్నం గీతలు గీయడానికి సిద్ధంగా ఉన్నాడు. పిన్ని వంటిల్లు వచ్చే చోట నిలబడి ఆకుల మధ్యలోంచి నీళ్ళు చూసుకుంటోంది. ఇంకొక్క గంట మామయ్య నోరు మూసుకుని ఉంటే ఆ రోజు హాయిగా గడిచిపోయేది. సోమవారం మాత్రం మా అందరి కొంపా మునిగేది.

"బావగారూ, ఆ సంచీ ఒకసారి తెరుస్తారా?"

బాబాయికి అర్థం కాలేదు. తెరిచాడు. పురికొస ఉండ, తవ్వుకోల, ఒక నోటుపుస్తకం, తడి న్యూస్‌పేపర్లో చుట్టిన నాలుగైదు మొలకలు.

"ఇవేంటి?"

"ఇల్లు పడే చోట మొలిచిన మొక్కలు. తవ్వితే పోతాయని తీసి పైన, రోడ్డు వైపు నాటుతున్నాను."

"గుంజలు కూడా పైన నాటారా?"

మేస్త్రి తన చెప్పులు చూసుకున్నాడు. మూడు ఆదివారాల లెక్కంతా మామయ్య పుస్తకం తెరిచి గడగడా చదివాడు. తారీఖులు, అంగుళాలు, దారం, చెప్పుల గుర్తులు, పిట్టలు. ముప్ఫై ఏళ్ళలో బాబాయి గొంతు పెంచగా నేను వినలేదు. ఆ రోజూ పెంచలేదు. కానీ సంచీ అడుగు నుంచి తెగిన పురికొస ముక్క తీసి అన్నాడు.

"మూడుసార్లు నా తాడు కోసినవాడివి, నువ్వు నన్నడుగుతున్నావా?"

"తాడేంటి? నేను కోయడమేంటి?"

"అయిపోయింది" అంది పిన్ని. అప్పటికే ఆమె ఫోను తీసింది. "అన్నయ్యా, నా ఒట్టు గుర్తుందిగా. సాయంత్రానికి ఈ స్థలం నాది కాదు." గిరుక్కున తిరిగి రోడ్డు వైపు నడిచింది. ఆమె నడకలో మోకాళ్ళ నొప్పి కనపడనే లేదు.

మామయ్య నిలువునా నీరుగారిపోయాడు. ముప్ఫై ఎనిమిదేళ్ళకి వచ్చిన ఇల్లు, ఆఖరి చెల్లెలి నమ్మకం, రెండూ రోడ్డెక్కి వెళ్ళిపోతున్నాయి. అయినా నింద పడితే ఊరుకునే మనిషి కాదు. తను కోయలేదని రుజువు చేసుకోవాలిగా. బాబాయి చేతిలో ఉన్న తెగిన పురికొస లాక్కుని, జేబులోంచి భూతద్దం తీశాడు.

"ఇది కోసింది కాదు. కోస్తే అంచు తిన్నగా ఉంటుంది. పీచు చూడు, ఎలా విచ్చుకుందో. లాగితే తెగింది."

"ఎవరు లాగుతారు?" అన్నాడు బాబాయి. "నేను వదులుగానే కట్టాను. మూడుసార్లూ వదులుగానే కట్టాను. కాస్త వేలాడేలాగా."

"ఏ చెట్టు నుంచి కట్టావు?"

"నువ్వు మేకు కొట్టావే, దాన్నుంచే. అక్కణ్ణుంచి ఆ లోపలి చెట్టుకి."

మామయ్య పుస్తకంలోకి చూశాడు. రెండు, మూడు, నాలుగు. తల తిప్పి చెట్టు వైపు చూశాడు. 'గారు' ఎప్పుడు రాలిపోయిందో ఆయనకి తెలీదు, నేను గమనించాను. మెల్లగా నడుచుకుంటూ వెళ్ళి, చెట్టుకి ఇవతల పది పన్నెండు అడుగుల దూరంలో ఆగి, కాలితో ఎండుటాకులు పక్కకి తోశాడు. ఇంకొంచెం తోశాడు. వంగి చెయ్యి పెట్టాడు. మోచెయ్యి దాకా లోపలికి పోయింది.

ఆకుల కింద నేల చీలి ఉంది. గట్టు పొడుగునా, దాదాపు జానెడు వెడల్పున.

"సార్, అక్కణ్ణుంచి ఇవతలికి వచ్చేయండి" అన్నాడు మేస్త్రి.

గుంజలు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఎవరూ ముట్టుకోలేదు. వానకి నానిన గట్టు, పైనున్న చెట్టుతో సహా, మేకుతో సహా, వాగులోకి జారుతోంది. లోకంలో అందరినీ అనుమానించిన మా మామయ్య, తను కొట్టిన మేకుని మాత్రం ఒక్కసారీ అనుమానించలేదు. అది జారినప్పుడల్లా, దాని మాట నమ్మి, గుంజలు పీకి దాని వెనకే పాతాడు. ఆయన్ని చూస్తే నాకు జాలేసింది. అరిచి పోట్లాడితే బాగుండుననిపించింది. ఆయన అరవలేదు. రోడ్డు మీద నిలబడి ఫోనులో మాట్లాడబోతున్న చెల్లెలి దగ్గరికి వెళ్ళాడు. చేతికి మట్టి ఇంకా అలాగే ఉంది.

"అమ్మేయకు. గుంజలు జరిపింది నేనే" అన్నాడు. "రెండూ మూడూ నాలుగూ తొమ్మిది. జానెడు. నీ ఇంటిని నా చేత్తో జానెడు వాగులోకి తోశాను. బావ తప్పేం లేదు."

పిన్ని ఫోను దించింది. ఏమైందని నన్నడిగింది. నేను చెప్పాను, ఈసారి అంతా చెప్పాను, బాల్కనీ మాటతో సహా. విని ఆమె ముగ్గురినీ తిట్టింది. ఆ తిట్లు ఇక్కడ రాయను.

నేల పరీక్ష చేసే ఆవిడ వచ్చి, నాలుగుచోట్ల గొట్టాలు దింపి మట్టి తీసి చూసి, కింద జారుడు మట్టి ఉందనీ, ఇంకో నలభై అడుగులు వెనక్కి వెళ్ళమనీ చెప్పింది. అక్కడ నేల గట్టిదట. అన్ని వారాల కొలతలు తేదీలతో సహా రాసి ఉన్నందుకు ఆవిడ మామయ్యని మెచ్చుకుంది. ఈ పుస్తకం లేకపోతే గట్టు ఎంత వేగంగా జారుతోందో తెలిసేదే కాదంది. మామయ్య ఆ మెచ్చుకోలుని కూడా కాస్త అనుమానంగానే తీసుకున్నాడు. బాబాయి మాత్రం, "నన్ను అనుమానించకపోతే ఇన్నిసార్లు కొలిచేవాడే కాదు" అన్నాడు. అది ఎత్తిపొడుపో, ఊరడింపో నాకు ఈనాటికీ తెలీదు.

అంత వెనక నుంచి వాగు ఎలా కనపడుతుంది? పిన్ని రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు మామయ్య ఆమెని స్థలానికి తీసుకెళ్ళి, చేతికి ఒక గిన్నె ఇచ్చి, గిన్నె కడుగుతున్నట్టు నిలబడమన్నాడు. నిలబడింది. కుడికి జరగమన్నాడు. ఇంకాస్త. రోడ్డు వైపు నేల ఎత్తు కాబట్టి, ఒకచోట రెండు చెట్ల సందులోంచి కింద నీళ్ళు పళ్ళెమంత మెరిశాయి. పిన్ని గిన్నె దించలేదు. "ఇక్కడ" అంది. ఆ రెండు పాదాల మధ్య మామయ్య గుంజ పాతాడు.

ఇక కొలవాలి. గట్టు వైపు చెట్టు మీద నమ్మకం పోయింది. మిగిలింది రోడ్డు పక్కనున్న హద్దురాయి ఒక్కటే, ఎవడు పాతాడో తెలీని రాయి. దాన్ని మూడు రోజులు, రెండు ఆఫీసుల కాగితాలతో సరిపోల్చుకున్నాడు. సరే అనుకున్నాక ఇంకో చిక్కు. రాయికి మేకు దిగదు.

మామయ్య టేపు పట్టుకుని రాయి ముందు నిలబడ్డాడు. మేస్త్రి చెయ్యి చాపాడు. నేనూ చాపాను, తొమ్మిదేళ్ళ నుంచి చాపుతూనే ఉన్నాను. మామయ్య మమ్మల్ని దాటి చూశాడు. కొంచెం దూరంలో బాబాయి తన మొలకలకి నీళ్ళు పోస్తున్నాడు. సంచీ రోజు నుంచి ఇద్దరి మధ్యా అవునూ కాదూ తప్ప మాటల్లేవు.

"బావా, కొస పట్టుకుంటావా?"

బాబాయి చెంబు పక్కన పెట్టాడు. చేతులు పంచెకి తుడుచుకుని వచ్చాడు. "ఎక్కడ పట్టుకోవాలి?"

"సున్నా దగ్గర."

బాబాయి రాయి పక్కన గొంతుక్కూర్చుని, టేపు కొసని రెండు చేతులా రాయి నడినెత్తిన గీసిన గీతకి ఆనించి పట్టుకున్నాడు. మామయ్య చుట్ట విప్పుకుంటూ వెళ్ళాడు. పిన్ని పాదాల మధ్య పాతిన గుంజ దగ్గర ఆగాడు.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నాను."

మామయ్య వెనక్కి రెండడుగులు వేశాడు, చూసిపోదామని. ఆయన కాళ్ళకి అలవాటైన దారి. ఆగాడు. అక్కడే కాసేపు నిలబడి, మళ్ళీ గుంజ దగ్గరికి వెళ్ళి, అంకె చదివి రాసుకున్నాడు. ఒక్కసారే చదివాడు. పుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాడు. బాబాయి మాత్రం వదలమని చెప్పేదాకా టేపు వదల్లేదు.

ఇల్లు లేచి ఆరేళ్ళయింది, ఎవరూ తొక్కకుండా తీసి నాటిన బాబాయి మొలకలు కప్పు దాకా వచ్చాయి. రెండో వానాకాలంలో గట్టు మీద చెట్టు మామయ్య మేకుతో సహా వాగులో పడిపోయింది. ఇల్లు చెక్కు చెదరలేదు. పిన్ని రోజూ గిన్నెలు కడుగుతూ పళ్ళెమంత నీళ్ళు చూసుకుంటుంది. అద్దం మీద బాబాయి తెల్లటి చుక్కలు అతికించాడు, పిట్టలు గుద్దుకోకుండా. మామయ్య ఆదివారాలు వచ్చి పొడుగు గదిలో కిటికీ పక్కన కూర్చుంటాడు. మొదట కుర్చీ కాళ్ళు సమానంగా ఉన్నాయో లేదో చూసుకుంటాడు.

ఒక్క మాట మిగిలింది. ఆ కొలత తీసిన మర్నాడు పొద్దున్నే నేను ఒక్కదాన్నే స్థలానికి వెళ్ళాను. ఎంతైనా ఆయన మేనకోడల్ని. హద్దురాయి మీద టేపు కొసని బరువైన ఇటుకతో తొక్కిపెట్టి, నడిచి వెళ్ళి గుంజ దగ్గర చదివాను. వెనక్కొచ్చి ఇటుక చూసి, మళ్ళీ వెళ్ళి చదివాను. మామయ్య రాసుకున్నదానికీ దానికీ అరంగుళం తేడా ఉంది.

టేపు చుట్టేసి ఇంటికొచ్చేశాను. ఎవరికీ చెప్పలేదు. ఇల్లు ఆ అరంగుళం తేడాతోనే కట్టారు.